చంకలో ఒరుస్తోంది, వీధిలో జారుతోంది

ప్రశ్న: మేము చెన్నై తిరువాన్మియూర్‌లో ఉంటాం. రెండేళ్ళ కిందట వీధిలో దొరికిన కూనను తెచ్చి పెంచుకుంటున్నాం. పేరు చిట్టి. పొడుగు మూతి, లోతైన రొమ్ము, పిడికెడు నడుము చూసి చిప్పిపారై అనే తమిళనాడు వేటకుక్క జాతి కలిసి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. బరువు 18 కిలోలు. మెడపట్టీ కడితే గుంజి గుంజి దగ్గుతోందని ఆన్‌లైన్‌లో బరువు చూసి ‘ఎం’ సైజు హార్నెస్ తెప్పించాం. రొమ్ముకు అడ్డంగా ఒక పట్టీ, ముంగాళ్ళ వెనక చుట్టూ ఒక పట్టీ ఉండే రకం. నెల తిరిగేసరికి చంకల్లో బొచ్చు ఊడి చర్మం ఎర్రబడింది. సరేనని వదులు చేశాం. పోయిన వారం వీధికుక్కలు మీదికొస్తే వెనక్కి వెనక్కి గుంజుకుని బెల్టులోంచి బయటపడి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) దాకా పరిగెత్తింది. ఎలాగో దొరికింది. బిగిస్తే పుండు, వదిలితే పరారీ! పొద్దున దాన్ని తిప్పేది 68 ఏళ్ళ మా నాన్నగారు. ఏ రకం కొనాలి? అసలు మెడపట్టీయే మేలా? రోజంతా వేసి ఉంచొచ్చా? కారులోనూ అదే సరిపోతుందా? దీపావళి దగ్గర పడుతుంటే భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రెండు సమస్యలు రాశారు గానీ రెండింటికీ మూలం ఒకటే. చంకలో ఒరిసిందీ, వీధిలో జారిందీ ఒకే పట్టీ. ముంగాళ్ళ వెనక రొమ్మును చుట్టే ఆ పట్టీ ఉండాల్సిన చోటు కంటే ముందుకొచ్చి సరిగ్గా చంకలో కూర్చుంది. అక్కడ చర్మం పల్చన, బొచ్చు తక్కువ. అడుగు వేసిన ప్రతిసారీ మోచేయి వెనక్కి వచ్చి పట్టీకి రాసుకుంటుంది. బిగించినా, వదులు చేసినా పట్టీ చోటైతే మారదు కదా. బిగిస్తే ఒరుపు పెరుగుతుంది, వదిలితే జారే దారి పెరుగుతుంది. బరువు చూసి కొన్నందుకు వచ్చిన తంటా ఇది. 18 కిలోల చిప్పిపారై పోలిక కుక్కకీ, 18 కిలోల బొద్దు బీగిల్‌కీ ఒకే బెల్టు ఎలా పడుతుంది? బరువు అడిగి చొక్కా కుట్టే దర్జీ ఎక్కడా ఉండడు.

ముందు ఆ చర్మం సంగతి చూడండి. ఎర్రదనం పూర్తిగా పోయేదాకా ఆ బెల్టు వెయ్యొద్దు. మామూలుగా వారం, పది రోజులు పడుతుంది. బొచ్చు రావడానికి ఇంకొన్ని వారాలు. అర లీటరు నీళ్ళు కాచి చల్లార్చి, అందులో ముక్కాలు టీస్పూను ఉప్పు కలిపి, దూదితో రోజుకు రెండుసార్లు తుడిచి, మెత్తటి గుడ్డతో అద్ది తడి లేకుండా చెయ్యండి. పసుపు ముద్ద, కొబ్బరినూనె, డెట్టాల్ వద్దు. పసిపిల్లల ఒరుపులకు రాసే జింకు క్రీములు అసలే వద్దు. కుక్క వాటిని నాకేస్తుంది, కడుపులోకి పోతే జింకు విషమవుతుంది. చెమ్మ ఊరుతున్నా, వాసన వస్తున్నా, అదే పనిగా నాకుతున్నా డాక్టరుకు చూపించాలి. చెన్నై ఉక్కలో చిన్న ఒరుపు రెండు రోజుల్లో పెద్ద పుండవుతుంది.

మెడపట్టీయా, హార్నెసా అన్న ప్రశ్నకు జవాబు: రెండూ కావాలి, కానీ వేరువేరు పనులకు. మెడపట్టీ పేరు, ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ మోయడానికి. తాడు తగిలించడానికి హార్నెస్. మెడపట్టీతో లాగినప్పుడు కుక్క కంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, హార్నెస్‌తో లాగితే అలా పెరగదనీ 2006లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. 2020లో బ్రిటన్ పరిశోధకులు మెడ నమూనా మీద రకరకాల కాలర్లు పెట్టి లాగి చూస్తే, మెత్త ఉన్నదీ వెడల్పైనదీ సహా ఏ కాలరూ లాగే కుక్క మెడకు భద్రం అనిపించుకోలేదు. చిట్టి దగ్గు ఊరికే వచ్చింది కాదు. అయితే హార్నెస్ వేస్తే లాగడం మానుతుందనుకోవద్దు. నొప్పి లేకుండా లాగుతుంది, అంతే. లాగకపోవడం నేర్పాల్సిందే.

ఇక కొలతలు. దర్జీ టేపు తెచ్చుకోండి. చిట్టి నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉండాలి. కూర్చుంటే రొమ్ము కొలత మారిపోతుంది. ఒకరు ఎదురుగా నిలబడి ఏదైనా తినిపిస్తూ ఉంటే ఇంకొకరు కొలవాలి. ప్రతి కొలతా మూడుసార్లు తీసి మధ్య అంకె రాసుకోండి.

మొదట మెడ మొదలు. కాలర్ కట్టే చోటు దీనికి పనికిరాదు. కింద, మెడ భుజాల్లో కలిసేచోట కొలవాలి. ముందువైపు రొమ్ముకు పైభాగాన వేలికి తగిలే ఒక గట్టి ఎముక మొన ఉంటుంది. టేపు దాని మీదుగా పోవాలి. ఆ మొనను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ దానితో పని పడుతుంది. తరవాత రొమ్ము చుట్టుకొలత: మోచేతి వెనక మూడు వేళ్ళు వదిలి, అంటే సుమారు 5 సెంటీమీటర్ల వెనక చుట్టూ. మూడోది నడుము, చివరి పక్కటెముకలు దాటగానే సన్నబడే చోట. నాలుగోది చాలామంది వదిలేసేది, మీ కష్టాలకు అసలు కారణం: రొమ్ము ఎముక మొన నుంచి, రెండు ముంగాళ్ళ మధ్యగా, రొమ్ము కొలత తీసిన గీత దాకా రొమ్ము కింద పొడవు. రొమ్ము పట్టీ చంకలో పడుతుందా, పక్కటెముకల మీద పడుతుందా అనేది తేల్చేది ఈ పొడవే. చాలా కంపెనీల సైజు పట్టికలో ఇది ఉండదు. అమ్మేవారిని అడగండి: “కాళ్ళ మధ్య పోయే పట్టీ పొడవెంత?” అని. చెప్పలేకపోతే, వెనక్కి ఇచ్చే వీలున్న చోటే కొనండి. ఇంట్లోనే వేసి చూడండి, లేబుళ్ళు తెంపకండి. తల చుట్టుకొలత కూడా చెవుల మీదుగా తీసి పెట్టుకోండి. బెల్టు తల మీదుగా దూర్చే రకమైతే మెడ రంధ్రంలోంచి ఆ తల పట్టాలి.

పట్టికలో సైజు ఎంచేటప్పుడు మీ అంకె మధ్యలో పడేది చూడాలి. మాటవరసకు చిట్టి రొమ్ము 64 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక సైజు 51 నుంచి 66 వరకు, ఇంకోటి 58 నుంచి 76 వరకు అని ఉంటే రెండోదే తీసుకోవాలి. మొదటిది పడుతుంది కానీ చివరి అంచు దాకా లాగేసి ఉంటుంది. ఎండాకాలం తరవాత రెండు కిలోలు పెరిగితే ఇక వదులు చేసే చోటు ఉండదు.

ఇప్పుడు రకాలు. మన షాపుల్లో హార్నెస్‌ను బాడీ బెల్ట్ అనో, చెస్ట్ బెల్ట్ అనో అంటారు. ఆ పేరు కింద అరడజను రకాలు వేలాడుతుంటాయి. మీ దగ్గరున్న రొమ్ముకు అడ్డ పట్టీ రకం వేసుకోవడం సులువు, అందుకే ఎక్కువ అమ్ముడవుతుంది. కుక్క తల వంచి వాసన చూస్తూ లాగితే ఆ అడ్డ పట్టీ పైకి జరిగి గొంతు మీద పడుతుంది; కిందికి దిగితే భుజం కీలుకు అడ్డమవుతుంది. రెండు కాళ్ళూ రంధ్రాల్లో పెట్టించి వీపు మీద బిగించే రకం చిన్న కుక్కలకు ముచ్చటగానే ఉంటుంది, వెనక్కి నడిచి విడిపించుకునే కుక్కకు మాత్రం ఇదే అన్నిటికంటే సులువైన దారి. చొక్కాలా రొమ్మంతా కప్పే రకం ఊటీలో వెయ్యండి, చెన్నైలో వద్దు. లాగినప్పుడు చంకల కింద తాళ్ళు బిగుసుకునే ‘నో పుల్’ రకాలు ఉన్నాయి. నొప్పి పుట్టించి ఆపడమే వాటి పని. చంకలు ఇప్పటికే దెబ్బతిన్న కుక్కకు వాటి పేరెత్తకూడదు.

చిట్టికి కావలసింది ముందు నుంచి చూస్తే ఇంగ్లిష్ వై అక్షరంలా కనిపించే రకం. మెడకు రెండు పక్కల నుంచి దిగిన పట్టీలు ఆ ఎముక మొన దగ్గర కలిసి, ఒకే పట్టీగా కాళ్ళ మధ్యనుంచి వెనక్కి పోతాయి. లాగినప్పుడు బరువు గొంతు మీద పడకుండా రొమ్ము ఎముక మీద పడుతుంది. ఇక్కడ ఒక మాట. ఈ రకం భుజాలకు ‘పూర్తి స్వేచ్ఛ’ ఇస్తుందని పెట్టె మీద రాస్తారు. అడ్డ పట్టీ రకాన్నీ, వై రకాన్నీ వేసి కుక్కలను నడిపించి చూసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ముంగాలు ముందుకు చాపడాన్ని రెండూ ఎంతోకొంత తగ్గించాయి, వై రకమే కాస్త ఎక్కువ తగ్గించింది. కాబట్టి పెట్టె మీది మాటలు నమ్మి కొనకండి. వై రకాన్ని ఎంచుకునేది గొంతు మీద బరువు పడదని, తిన్నగా అమరుతుందని. అమరకపోతే ఏ అక్షరమైనా ఒకటే.

చిట్టి లాంటి ఒంటికి వై ఒక్కటే చాలదు, నడుము దగ్గర మూడో పట్టీ ఉన్నది కావాలి. ఎందుకో అర్థం కావాలంటే అది ఆ రోజు ఎలా బయటపడిందో చూడాలి. భయపడ్డ కుక్క మీ వైపు తిరిగి వెనక్కి అడుగులేస్తుంది. తాడు మీ చేతిలో ఉంది, అంటే బెల్టు దాని తల వైపు లాగబడుతోంది. కుక్క తల దించి, భుజాలు దగ్గరికి ముడిచి, ఒక మోచేతిని పట్టీలోంచి తప్పిస్తుంది. ఇంకేముంది, చెమట పట్టిన బనీను తల మీదుగా లాగి విప్పినట్టు మొత్తం వచ్చేస్తుంది. మీరెంత గట్టిగా లాగితే అంత త్వరగా విప్పి పెడతారు. చిప్పిపారై, కన్ని, రాజపాళయం అనే తమిళనాడు జాతులకూ, వీటి పోలికలున్న వీధికుక్కలన్నింటికీ తల సన్నం, మెడ పొడుగు, రొమ్ము లోతు, నడుము చిన్న. మెడపట్టీలోంచైనా, రెండు పట్టీల హార్నెస్‌లోంచైనా జారడానికి ఇంతకంటే అనువైన ఒళ్ళు ఉండదు. కానీ ఆ ఒంటి తీరునే మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. నడుము దగ్గర మూడో పట్టీని 50 సెంటీమీటర్లకు బిగిస్తే, అది 64 సెంటీమీటర్ల రొమ్ము దాటి ముందుకు రాలేదు. లెక్క అంతే. గట్టిగా బిగించక్కర్లేదు, రొమ్ము కంటే స్పష్టంగా చిన్నదైతే చాలు.

ఈ మూడో పట్టీలో జరిగే తప్పు ఒకటుంది. చోటు తెలియక మరీ వెనక్కి, మెత్తటి పొట్ట మీదికి కట్టేస్తారు. అప్పుడు కుక్క వీపు గూనిలా ఎత్తి నడుస్తుంది, పాసుకు కూర్చోవడానికి ఇబ్బంది పడుతుంది. చివరి పక్కటెముకల్ని ఆనుకుని, అవి అయిపోయే చోట ఉండాలి. మగ కుక్కకైతే ఇంకా జాగ్రత్త. మూడు పట్టీలది దొరక్కపోతే, సరిగ్గా అమరిన వై రకానికి వీపు మీది పట్టీని వెనక్కి పెంచి మూడోది కుట్టించుకోవచ్చు. చెప్పులు కుట్టేవారి కంటే బ్యాగులు కుట్టేవారు ఈ పని బాగా చేస్తారు. 20 మిల్లీమీటర్ల నైలాన్ టేపు, నైలాన్ లేదా పాలిస్టర్ దారం అని చెప్పి, చతురస్రం వేసి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు కుట్టమనండి. నూలు దారం చెన్నై చెమ్మకు పుచ్చిపోతుంది.

బెల్టు ఇంటికొచ్చాక అమరిక ఇలా చూడండి. నిలబెట్టి అన్ని బకిల్స్ పెట్టాక, పట్టీలు కలిసే చోటు ఆ ఎముక మొన మీదే ఉందా? పైన గొంతు గుంటలో ఉంటే మెడ పట్టీలు వదులు చెయ్యాలి, మరీ కిందికి కాళ్ళ మధ్యలో ఉంటే బిగించాలి. ప్రతి పట్టీ కింద రెండు వేళ్ళు బల్లపరుపుగా దూరాలి. వేళ్ళు నిలువుగా తిప్పగలిగితే వదులన్నమాట. వేళ్ళు నాన్నగారివా, మీవా అనేది కూడా చూసుకోవాలి సుమా, మందం తేడా ఉంటుంది. రొమ్ము పట్టీకీ మోచేతికీ మధ్య మూడు వేళ్ళు. ఒక ముంగాలిని మెల్లగా ముందుకు చాపి చూడండి, భుజం కీలు మీద ఏ పట్టీ బిగుసుకోకూడదు. తరవాత కూర్చోబెట్టండి, పడుకోబెట్టండి, ఒంగి ఒళ్ళు విరుచుకోనివ్వండి. ఇంట్లోనే పది నిమిషాలు తిప్పి విప్పితే, బొచ్చు ఏ చోట అడ్డదిడ్డంగా వంగి ఉందో అక్కడ రేపు ఒరుస్తుంది.

ఆఖర్న తలుపు వేసిన గదిలో జారుడు పరీక్ష. మీరు ఎదురుగా నిలబడి తాడు మెల్లగా మీ వైపు ఆపి పట్టుకోండి. వెనక నుంచి ఇంకొకరు ఇష్టమైన తిండి చూపించి దాన్ని వెనక్కి నడిపించాలి. గుంజొద్దు, భయపెట్టొద్దు. రొమ్ము పట్టీ ముందుకు జరిగి మోచేతులు దాటుతున్నా మూడో పట్టీ పక్కటెముకల దగ్గర ఆగిపోతే సరైన బిగువు. అదీ ముందుకు పాకుతుంటే 2 సెంటీమీటర్లు తగ్గించి మళ్ళీ చూడండి. సరిపోయిన చోట స్లైడర్ (పట్టీ పొడవు మార్చే జారుడు బకిల్) పక్కన పట్టీ మీద పర్మనెంట్ మార్కరుతో గీత పెట్టండి. స్లైడర్లు రోజూ ఇంత చొప్పున జారతాయి; గీత తప్పిందంటే పొద్దున్నే తెలిసిపోతుంది.

తాడు ఎక్కడ తగిలించాలి? వీపు రింగుకు తగిలిస్తే కుక్కకు సుఖం, కానీ ఒంటి బలమంతా పెట్టి లాగగలదు. రొమ్ము మీది రింగుకు తగిలిస్తే లాగిన కొద్దీ మీ వైపు తిరుగుతుంది, బలం విరిగిపోతుంది. అయితే అదే పనిగా రొమ్ము రింగుకే ఉంటే బెల్టు ఒక పక్కకు ఒరిగి మళ్ళీ చంక ఒరుస్తుంది. నాన్నగారికి రెండు కొక్కేల తాడు సరిపోతుంది, ఒకటి వీపుకు, ఒకటి రొమ్ముకు. మామూలుగా వీపు మీది కొసనే పట్టుకుని నడిచి, దూకబోతే రొమ్ము కొసతో తిప్పుకోవచ్చు. దీనితోపాటు మెడపట్టీ నుంచి హార్నెస్ వీపు రింగుకు 15, 20 సెంటీమీటర్ల చిన్న లంకె పెట్టండి. బకిల్ విరిగినా, బెల్టు జారినా అది ఆఖరి పట్టు. ఆ మెడపట్టీ కూడా తల సన్నని కుక్కలకు చేసే మార్టింగేల్ రకమైతే మేలు: లాగితే కాస్త బిగుసుకుంటుంది, ఒక హద్దు దాటి బిగుసుకోదు. పూర్తిగా బిగుసుకున్నప్పుడు దాని రెండు రింగుల మధ్య రెండు వేళ్ళ ఖాళీ మిగిలేట్టు సరిచెయ్యాలి. చంకలు మానేదాకా కూడా దీనితోనే, తాడు వదులుగా పట్టుకుని, సందడి లేని సందుల్లో తిప్పండి. ఇది బయటికి వెళ్ళినప్పుడే. ఇంట్లో దేనికైనా తగులుకుంటే బిగుసుకుంటుంది కాబట్టి రాగానే తీసేసి మామూలు పట్టీ కట్టండి.

నాన్నగారికి రెండు మాటలు. తాడును చేతికి చుట్టుకోకూడదు, వేళ్ళకు అసలే చుట్టుకోకూడదు; 18 కిలోల కుక్క ఒక్కసారి దూకితే వేలు విరుగుతుంది. పిడి వలయంలో బొటనవేలు దూర్చి, దాని మీద పిడికిలి మూయాలి. తాడు 1.8 మీటర్ల చదునైనది చాలు. మీట నొక్కితే సాగి ముడుచుకునే రకం వద్దు; ఆ ప్లాస్టిక్ డబ్బా చేజారిందంటే వెనక టకటకమంటూ తరుముకొస్తుంది, భయపడ్డ కుక్క ఇంకా దూరం పరిగెడుతుంది. రెండో మాట ముఖ్యమైనది. చిట్టి వెనక్కి అడుగులు వేస్తుంటే లాగొద్దు. తాడు వదులిచ్చి, దాని వైపే రెండడుగులు వేసి, పక్కకు తిరిగి, దానితోపాటు ఆ చోటు వదిలి వెళ్ళిపోవాలి. తాడు బిగువు లేకపోతే బెల్టు ముందుకు జరిగే బలమే ఉండదు. మూడో పట్టీ లేని బెల్టు ఉన్నప్పుడు కూడా ఈ ఒక్క అలవాటు చాలా పరారీలను ఆపుతుంది. వీధికుక్కలు ఏ మలుపు దగ్గర మూగుతాయో ఆయనకు మనకంటే బాగా తెలిసి ఉంటుంది. ఆ మలుపు మానుకోవడం చేతగానితనమేమీ కాదు.

సముద్రం పక్కన ఉంటారు కాబట్టి సామాను గురించి చెప్పాలి. ఉప్పు గాలికి పూత వేసిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. షాపుకు చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి. రింగుకు గట్టిగా అతుక్కుంటే అది మెరుపు పూత వేసిన ఇనుము. పూత లేచిన చోట తుప్పు మొదలవుతుంది. అతుక్కోకపోతే స్టెయిన్‌లెస్సో, ఇత్తడో కావచ్చు, జింకు కలిపి పోతపోసిన నాసిరకం కూడా కావచ్చు. ఆ మూడోదానికి అంచుల్లో అచ్చు గీత కనిపిస్తుంది, ఒక్క గుంజుకు పెళుసుగా విరగొచ్చు. రింగు రెండు కొసలూ అతికి ఉండాలి. కొసల మధ్య గోరు దూరే సందు ఉంటే పక్కన పెట్టెయ్యండి. ప్లాస్టిక్ బకిల్ టక్కుమని రెండు పక్కలా ఒకేసారి పడాలి. ఎండకు తెల్లబారి పొడిబారినట్టుంటే మార్చే కాలం వచ్చినట్టే. ఎలియట్స్ బీచ్ ఇసుక బకిల్ లోపలికి పోయి పూర్తిగా పడకుండా అడ్డుకుంటుంది, పడ్డట్టే ఉంటుంది, ఊడిపోతుంది. బీచ్ నుంచి రాగానే మంచి నీళ్ళలో ముంచి, బకిల్స్ తెరిచి మూసి కడగండి.

మెత్త విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోకండి. లావు స్పాంజి, సముద్రంలో దిగేవాళ్ళు వేసుకునే వెట్‌సూట్ గుడ్డలా ఉండే నియోప్రీన్ చేతికి హాయిగా ఉంటాయి. మన ఊళ్ళో అవి తడిని పట్టుకుని గంటల తరబడి వదలవు, ఆ తడి కింద చర్మం నాని పాచి వాసనతో దురద మొదలవుతుంది. గాలి ఆడే పల్చటి జాలీ మెత్త చాలు, అదీ రొమ్ము ఎముక దగ్గర, చంక పట్టీ దగ్గర ఉంటే చాలు. అంచులు వేలితో తడిమి చూడండి, గీరుకుంటే కుక్కకూ గీరుకుంటుంది. నలుపు రంగు ఎండలో కాలుతుంది. లేత రంగు తీసుకుని, తెల్లవారకముందు నడక కోసం మెరిసే గీతలు ఉన్నది చూడండి. సబ్బు తక్కువ, బ్లీచు వద్దు, ఆరబెట్టడం నీడలో. ఎండ నైలాన్ బలాన్ని తింటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఒక్క బెల్టు ఎప్పటికీ ఆరదు. ఖరీదైనది ఒకటి కొనే బదులు మధ్యరకంవి రెండు కొని మార్చి మార్చి వెయ్యండి.

రోజంతా వేసి ఉంచకండి. ఇంటికి రాగానే విప్పి, చంకలు, మెడ మడతలు చేత్తో తడమండి. పిడుదులు దాక్కునేది పట్టీల కింద, చంకల్లోనే, చెన్నైలో పిడుదుల జ్వరం అరుదేమీ కాదు. మెడపట్టీ, బిళ్ళ మాత్రం ఉండనివ్వండి. వీధి జాతి కుక్క ఒంటి మీద ఏ గుర్తూ లేకుండా రోడ్డెక్కితే ఊరికి అది ఇంకో వీధికుక్కే, కార్పొరేషన్ బండి వాళ్ళకు కూడా. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే మంచిదే, కానీ అది ఎక్కడుందో చెప్పదు. ఎవరైనా పట్టుకుని స్కానర్ పెడితేనే నంబరు తెలుస్తుంది. బిళ్ళ మీద ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో చెక్కించండి, పేరు లేకపోయినా పరవాలేదు.

పాత బెల్టు నొప్పి గుర్తుంటుంది కాబట్టి కొత్తది చూడగానే చిట్టి పారిపోవచ్చు. తల దూర్చే రంధ్రంలోంచి మీ చెయ్యి పెట్టి అటువైపు నుంచి ఉడికించిన కోడిముక్క చూపించండి. తల అదే దూర్చుకోవాలి, మీరు తొడగకూడదు. మొదటి రెండు రోజులు అంతే, తీసెయ్యండి. మూడో రోజు ఒక బకిల్ టక్కుమనిపించి తిండి, నాలుగో రోజు అన్నీ పెట్టి రెండు నిమిషాలు, ఆ తరవాత ఇంట్లో తిరగడం. తల దూర్చడానికి అసలు ఒప్పుకోకపోతే మెడ దగ్గర కూడా బకిల్ తెరుచుకునే రకం తీసుకోండి.

కారు సంగతి క్లుప్తంగా: నడకకు చేసిన హార్నెస్ సీటు బెల్టు పని చెయ్యదు. దాని కుట్లు 18 కిలోల ఒళ్ళు బ్రేకు వేగంతో ముందుకు దూకే దెబ్బ కోసం వేసినవి కావు. ప్రమాద పరీక్ష చేసినట్టు రాసిన ప్రత్యేక హార్నెస్‌లు ఉంటాయి. అది లేకపోతే వెనక సీట్లో వీపు రింగుకు చిన్న తాడుతో కట్టండి, కదలకుండా ఉండడానికి పనికొస్తుంది, అంతకుమించి ఆశించొద్దు. మెడపట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టకండి, ముందు సీట్లో కూర్చోబెట్టకండి.

దీపావళికి ముందూ వెనకా చెరో వారం నడక వేళ మార్చండి. తెల్లారి ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం నేల కాలకపోతే ఒకసారి. సాయంత్రం చీకటి పడకముందే తలుపులు మూసెయ్యండి. నేల మీద చేతి వెనక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించలేకపోతే చిట్టి పాదాలకూ కాలుతుంది. ఆ రోజుల్లో మూడు పట్టీలు, రెండు కొక్కేలు, మెడ లంకె అన్నీ ఉండాలి, మేడ మీదికి తీసుకెళ్ళినా సరే. కొత్త బెల్టును ఆ వారంలో మొదటిసారి వెయ్యకండి. టపాసుల భయం, బెల్టు రెండూ దాని మనసులో కలిసిపోతాయి. మరీ వణికిపోయే కుక్కైతే భయం తగ్గించే మందు గురించి రెండు వారాల ముందే డాక్టరును అడగాలి, ముందొక రోజు ఇచ్చి చూసుకునే వ్యవధి ఉంటుంది. మనుషుల నిద్రమాత్రలు మీ అంతట మీరు ఇవ్వకండి.

ఇన్ని చేసినా ఎప్పుడైనా జారిపోతే, వెంటపడి పరిగెత్తొద్దు. రెండు కాళ్ళ మనిషి ఆ జాతిని పట్టుకోలేడు, పైగా తరుముతున్నారనుకుని రోడ్డెక్కుతుంది. పక్కకు తిరిగి చతికిలబడి, తిండి పొట్లం గలగలలాడించి, అవసరమైతే ఎదురు దిక్కుకు నాలుగడుగులు పరిగెత్తండి. దగ్గరికి వచ్చాక మీద పడి పట్టుకోకుండా, తినేటప్పుడు గదవ కింద నుంచి మెడపట్టీలో వేలు దూర్చండి.